నూకరత్నం దొంగాట

ఎనిమిదింటిలోగా చేతి పట్టీ పచ్చబడకపోతే గౌరీశు గాలిఆటో లైసెన్సు రద్దయిపోతుంది. విశాఖ ఆకాశంలో బండి నడిపే ప్రతివాడి మణికట్టుకూ ఆ పట్టీ ఉంటుంది. మెదడు చురుగ్గా ఉంటే పచ్చ, మందగిస్తే ఎరుపు. గౌరీశుది వారం నుంచీ ఎరుపే.

పెందలాడే పడుకున్నాడు. బీచ్ రోడ్డంతా నడిచొచ్చాడు. రాగిజావ తాగాడు. అయినా రంగు మారలేదు.

"రా మావా, ఓ ఆట ఆడుదుం," అని నూకరత్నం డాబా మీద అష్టాచెమ్మా గళ్ళు గీసింది. రోజూ పొద్దున్నే మొగుడూ పెళ్ళాలకు అది అలవాటు.

ఈ వారమంతా గెలిచినట్టే ఇవాళా గౌరీశే గెలిచాడు. పట్టీ చూసుకున్నాడు. ఎరుపే! అప్పుడు తట్టింది అతనికి.

"ఏటే, ఈ వారం ఒక్క దొంగాటా ఆడలేదేటి నువ్వు?"

నూకరత్నం తల దించుకుంది. "లైసెన్సు బెంగతో ఉన్నావు గదా. గెలిస్తే కుదుటపడతావని..."

"నీ దొంగతనం పట్టుకోడానికే గదే నా బుర్ర పన్జేసేది! ఎప్పట్లాగే ఆడు!"

ఆమె కళ్ళు మెరిశాయి. మళ్ళీ గవ్వలు వేసింది. నాలుగు పడితే కాయను అయిదు గళ్ళు జరిపింది.

"ఆగు, దొంగమొకమా!" గౌరీశు ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు. పట్టీ పచ్చగా వెలిగింది.

ఒక్క ఉదుటున వెళ్ళి ఆటో ఎక్కాడు. బండి గాల్లోకి లేస్తుంటే డాబా మీంచి నూకరత్నం కేకేసింది.

"ఒక్క దొంగాటే పట్టావు మావా! నువ్వు పట్టీ చూసుకుంటుంటే ఇంకో కాయ దొంగతనంగా పండించేసేను!"