పెద్ద పళ్లచక్రం

“ఇది మీ సైకిలుకి పట్టదు మామయ్యగారూ,” అంది కోడలు, ఆయన మౌంటెన్ బైక్ పక్కన గొంతుక్కూర్చుని. సైకిళ్ల షాపు ఆమెదే. “మీరు తెచ్చింది పన్నెండు గేర్ల సెట్టు. హ్యాండిల్ మీద గేరు మార్చే షిఫ్టరేమో పదకొండు గేర్లది. నొక్కినప్పుడల్లా చైను తప్పుతుంది.”

“పన్నెండూ నాకెందుకమ్మా? ఆ చివరి పెద్ద పళ్లచక్రం ఒక్కటీ పడితే చాలు.”

“అది నిటారు గుట్టలెక్కడానికి కదా?”

“ఊరికే. చూడ్డానికి బాగుంటుందని.”

అంటూనే ఆయన కుర్చీలోంచి మోకాలు పట్టుకుని లేచాడు. ప్రతి ఆదివారం గుట్ట సగంలో సైకిలాపి, లోయ ఎంత బాగుందో అంటూ ఆయన నిలబడిపోయేది ఎందుకో ఆమెకప్పుడు అర్థమైంది.

పెద్ద చక్రమున్న పదకొండు గేర్ల సెట్టు షాపులో అయిపోయింది. ఆమె తన సైకిలు తిరగేసి గేర్ల సెట్టు, చైను, చైనును ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే డిరేలర్, మూడూ ఊడదీసింది.

“ఇవీ పదకొండు గేర్లవే, పెద్ద చక్రమూ ఉంది. మీ సైకిలువి పాతవి నేను పెట్టుకుంటాను. నాకు తొక్కుడు మరీ తేలికైపోయింది.”

“నిజంగానా?”

“నిజంగానే.”

మర్నాడు గుట్ట చివరి మలుపులో ఆమెకు ఊపిరాడలేదు. దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచింది. అప్పటికే పైకెక్కేసిన మామగారు వెనక్కొచ్చి, తనూ దిగి, పక్కన నడవసాగాడు.

“మీరు తొక్కుకుంటూ వెళ్లండి, నేనొస్తాను.”

“పర్లేదమ్మా. డాక్టరు మోకాలికి కాస్త నడక కూడా మంచిదన్నాడు.”

ఆ మోకాలి మాట ఆయన అంతవరకూ ఇంట్లో ఎవరితోనూ అనలేదు.