పీటల మీద జంట

కుట్టుమిషను మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయి కింది గోడకు తగిలి ఆగింది. దాని వెనకే బట్టల మూట వచ్చి పడింది.

“ఇగ నువ్వు నడువు,” అన్నాడు మహిపాల్, గుమ్మంలో నిలబడి.

పద్మలత నడవలేదు. అతని పక్క నుంచి లోపలికి దూరి, హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“పోను. ఎవల్ని పిలుస్తవో పిలువు బావా.”

“బావా గీవా అనకు. నా తమ్ముడు నీకు తాళి గట్టిండా?”

“గట్టలే. ఈ ఇంటికి సగం పైసలు మాత్రం నేనే గట్టిన.”

హనుమకొండలోని ఆ ఫ్లాటు పద్మలత, శశాంక్‌ల పేర్ల మీద చెరి సగం ఉంది. ఆమెది మ్యాచింగ్ సెంటర్, అతనిది సెల్‌ఫోన్ల దుకాణం. ఎనిమిదేళ్లు కిస్తీలు చెరి సగం కట్టారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

శశాంక్ పోయి నెలయింది. పోయే ముందు దవాఖానలో వీలునామా రాసి, తన సగం కూడా ఆమెకే ఇచ్చాడు. పదకొండో రోజు కర్మ అయ్యాక చూస్తే బీరువాలో ఆ కాగితం లేదు. ఆ రోజు గదిలోకి వెళ్లింది మహిపాల్, అనసూయ ఇద్దరే. అనసూయను శశాంక్ ‘వదినా’ అని పిలిచేవాడు.

చప్పుడు విని అపార్టుమెంటు ప్రెసిడెంటు సారంగపాణి పరుగెత్తుకొచ్చాడు. మహిపాల్ అతని ముందు ఫోను పెట్టాడు.

“ఫొటో చూడుండ్రి సార్. గృహప్రవేశంల పీటల మీద ఎవలున్నరు? నేను, అనసూయ. పెండ్లిగానోళ్లు కూసోవద్దని పంతులంటే మేం కూసున్నం. మరి ఇల్లెవలిది?”

“పీటల మీద కూసుంటె ఇల్లొస్తదా?” అంది పద్మలత. “గట్లయితే ఊళ్లె ఇండ్లన్నీ పంతులువే.”

సారంగపాణి నవ్వు ఆపుకున్నాడు.

అనసూయ నవ్వలేదు. చేతిసంచిని పొట్టకు అదుముకుని తలుపు పక్కనే నిలబడి ఉంది. గృహప్రవేశం నాడూ ఇంతే. పీట మీద కూర్చోనని ఆమె అంటే, మహిపాల్ చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

“మా అనసూయ మెడ చూడు,” అన్నాడు మహిపాల్. “ఇరవై ఏండ్ల సంసారం. పుస్తెలున్నయ్. నీ మెడల ఏమున్నయ్?”

అనసూయ కొంగు మెడ నిండా కప్పుకుంది.

“నా మెడ సంగతి నీకెందుకు?” అంది పద్మలత. “నా కాగితం నాకియ్యి.”

“ఏ కాగితం?”

“దొంగతనం జేసి మళ్ల అడుగుతానవా?”

“సమ్మక్క తోడు! నేను ముట్టలే.”

పద్మలత తడబడింది. మహిపాల్ ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు. మేడారం తల్లి పేరెత్తి మాత్రం ఆడడు. మరి కాగితం ఏమైంది?

ఆ తడబాటు చూసి మహిపాల్‌కు హుషారొచ్చింది.

“సరిపోలేదా? అనసూయా, నువ్వు గూడ సమ్మక్క మీద ఒట్టెయ్యి. ఇయ్యాల్టితోని దీని పీడ వోతది.”

అనసూయ కదల్లేదు.

“ఎయ్యవేందే?”

ఆమె సంచి జిప్పు లాగింది. లోపలి నుంచి నాలుగు మడతల కాగితం తీసి, మహిపాల్‌ను దాటుకుని వెళ్లి పద్మలత ఒళ్లో పెట్టింది. శశాంక్ సంతకం పైకే కనిపిస్తోంది.

మహిపాల్ చెయ్యి చాచాడు. సారంగపాణి అడ్డం వచ్చాడు.

“దొంగను నేనే చెల్లె,” అంది అనసూయ. “ఈయన కంటవడితె కాలవెడ్తడని ఆ రోజు తీసి దాసిన. ఇచ్చేటందుకు ఇన్నొద్దులు ధైర్యం చాలలే.”

“నీకేం పుట్టిందే?” అరిచాడు మహిపాల్. “కట్టుకున్నోన్ని కాదని ఈ పెండ్లిగాని దాని దిక్కు మాట్లాడుతవా?”

అనసూయ మెడ మీది కొంగు తీసేసింది.

“ఈ పుస్తెలు నేనే కొనుక్కొని, నేనే ఏసుకున్న.”