పరదా కింది చేతులు

బట్టలు మార్చుకునే డేరాలోకి ఆ కుంటాయన ఎట్లా దూరాడో రాజయ్యకు అర్థం కాలేదు.

ఎడమ మోకాలికి పట్టీ కట్టుకుంటున్నవాడు గబుక్కున పంచె కప్పుకున్నాడు.

"దాచకు భావూ. ఇయ్యాల గోదాల దిగకు. ఆ కాలు ఇంకోపారి తిరిగితే నా లెక్కనే అయితవు," అన్నాడు ఆయన మరాఠీ యాసతో.

"ఎవలు నువ్వు?"

"మారుతితోని నాందేడ్ నుంచి వచ్చిన."

మారుతి అంటే ఇవాళ తనతో కుస్తీ పట్టబోయేవాడు. రాజయ్యకు ఒళ్ళు మండింది. బెదిరించి గెలుద్దామని మనిషిని పంపాడన్నమాట.

చొప్పదండి పోటీల్లో మెలిపడ్డ మోకాలు అది. సంగతి బయటపడితే ఎవడూ పిలవడు. కుస్తీ పోతే మళ్ళీ జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు మొయ్యాలి, ఈ కాలుతో అదీ చాతకాదు. ఆ మిల్లు దొర సుదర్శన్‌రావే ఈ పోటీలు పెట్టించింది. పొద్దున కాలు సంగతి చెప్పుకుంటే, ఉట్నూర్ దాకా జీపు తిప్పి మైకులో చెప్పించిన, టికెట్లు అమ్ముడువోయినయి, కాలు ఇరిగినా దిగాల్సిందే అన్నాడు.

"దొరా, గీన్ని బయట పారేయించుండ్రి," అని రాజయ్య కేకేశాడు.

మిల్లు మనుషులు ఆయన మెడ పట్టి గేటు బయటికి గెంటారు. మళ్ళీ రానిస్తే మీ కూలి బంద్ అని దొర గేటువాళ్ళకు గట్టిగా చెప్పాడు.

కుస్తీ మొదలంటూ తాషా డప్పు మోగింది.

మారుతి నేరుగా గోదాలోకి రాలేదు. మైదానం అంచుకు పోయి, చుట్టూ కట్టిన గుడ్డ పరదా ముందు బోర్లా పడుకుని, దాని కింద నుంచి రెండు చేతులూ బయటికి చాపాడు. కాసేపు అట్లాగే ఉన్నాడు.

"పరదాకు మొక్కుతుండేందిరా వీడు," అన్నారెవరో.

జనం నవ్వారు. రాజయ్యకూ నవ్వొచ్చింది, ఎందుకో సగంలోనే ఆగిపోయింది.

మారుతి ఎద్దులా ఉన్నాడు. పట్టు మొదలైన కాసేపటికే రాజయ్య ఎడమకాలు అతని చేతికందింది. గుంజితే అయిపోయేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ అందింది. మళ్ళీ తీసుకోబోయి తూలాడు. రాజయ్య అతన్ని వెల్లకిలా పడేశాడు.

జనం భుజాలకెత్తుకున్నారు. రాజయ్యకు మాత్రం ఏదీ తలకెక్కలేదు. దొర వానికి ముందే ముట్టజెప్పిండా? అడుగుదామని దగ్గరికి పోతే దొరే చెవిలో అడిగాడు, వానికేమన్న ముట్టజెప్పినవా అని.

డేరా వెనక మట్టి కడుక్కుంటున్న మారుతి దగ్గరికి కుంటుకుంటూ పోయాడు.

"నా కాలెందుకు పట్టలే?"

"కుస్తీ నేర్పిన ఉస్తాద్‌కు మొక్కకుంట గోదాల ఎట్ల దిగుత? మొక్కుతుంటే పరదా అవుతల నుంచి నా చేతులు పట్టుకొని, నీ కాలు ముట్టనని ఒట్టేయించుకుండు."

"ఎవలు మీ ఉస్తాద్?"

మారుతి మొహం తుడుచుకుని గేటు దిక్కు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"నువ్వు మెడ పట్టి గెంటిచ్చినవు గద భావూ, ఆయననే."