గోడకు పెట్టని వైరు

చీకటి పడ్డాక మిర్యాలగూడలో జమున నడిపే రిపేరు షాపుకు నాగేందర్ ఒక పాతకాలపు కంప్యూటర్ తెచ్చాడు. అది మొన్న బావిలో పడి చనిపోయిన అతని దోస్తు లింగ్యాది.

"లింగ్యాకు పాత మెషిన్ల పిచ్చి మేడం. దీంట్లకెల్లి ఫోన్ లైను మీద మెసేజులు పంపుతుండె. ఆఖరికి ఏం రాసిండో సూడాలె. ఇంకో మెషిను బాయికాడ రూంల ఉంది. ఇది అయినంక ఇద్దరం పోయి తెద్దాం."

చనిపోయినవాడి మెసేజులతో ఇతనికేం పని? జమునకు ఎందుకో నచ్చలేదు. అయినా కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు కలిపే మోడెం సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పనిచేస్తుందో లేదో చూద్దామని ఏదో ఒక నంబరు కొట్టి, డయల్ నొక్కింది. ఫోన్ వైరు ఇంకా గోడకు పెట్టలేదు, ఆమె చేతిలోనే ఉంది. లైను లేదని చూపించి మోడెం ఆగిపోవాలి.

అది కీచుమని అరిచింది. కాసేపు గరగరలాడింది. తర్వాత అంతా నిశ్శబ్దం. కనెక్ట్ అయినట్టు తెర మీద పడింది.

ఒక్కో అక్షరమే రాసాగింది. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు లంబాడీవి. తండాలో పెరిగిన జమునకు అది అమ్మ భాష.

చెల్లీ, వీడితో బావి దగ్గరికి పోకు. నన్నూ ఇట్లాగే పిలిచాడు.

"ఏం రాసుంది మేడం?" నాగేందర్ ముందుకు వంగాడు.

"ఏం లేదన్నా. పాత మెషిన్ గదా, పిచ్చి అక్షరాలు పడుతున్నయి."

అతను తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం వెంట జరిపాడు. తర్వాత లేచి షట్టర్ సగం దించాడు.

"లింగ్యాతోని చిన్నప్పటిసంది తిరిగిన," అన్నాడు. "మీ భాష నాకూ వస్తది, జమునా."