మైనంలో నా ముక్క

ఆ రాత్రి ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. కడుపు క్యాన్సర్ ముక్కకి రంగు తేల్చే మందు వేస్తే, రోగం తిరగబెట్టే రకమైతే గోధుమ రంగు తేలుతుంది. కాకపోతే నీలంగానే ఉంటుంది. మందు అబద్ధం చెప్పకుండా ప్రతి స్లైడు అంచున ఆరోగ్యమైన కడుపు ముక్క ఒకటి పెడతాం; అది ఎప్పుడూ నీలంగానే ఉండాలి. ఆ ముక్క నాదే. ఎప్పుడో గ్యాస్ నొప్పికి పరీక్షకని తీసి, ఏమీ లేదని తేల్చి, మైనం దిమ్మలో దాచారు; దాన్నే పల్చగా కోసి వాడతాం. "నీ కడుపు బంగారమే" అనేది అక్క, అంటే మా సీనియర్.

ఈసారి రోగి ముక్క నీలంగా ఉంది. నాది గోధుమ రంగుకి తిరిగింది.

మందుని తిట్టుకుని, కొత్త సీసా తెరిచి, మళ్ళీ చేశాను. ఇంకా ముదురుగా వచ్చింది. అక్కకి ఫోన్ చేశాను.

"దిమ్మలు తారుమారు చేసుంటావే."

"లేదక్కా, దీని మీద నీ చేతిరాతే ఉంది. మైనంలో ఉన్న ముక్క మారుతుందా?"

"చచ్చిన ముక్క ఎలా మారుతుందే, పిచ్చిదానా!" అంది. వంగి దిమ్మ మీద రాత మళ్ళీ చూశాను, నా పేరే.

"అక్కా?"

"ఆ దిమ్మని ఒకసారి ముట్టుకుని చూడు" అంది, నెమ్మదిగా.

కోయడానికి ఐసు మీద పెట్టిన దిమ్మలన్నీ చల్లగా ఉన్నాయి. నాది వెచ్చగా ఉంది.