మూగకోడి పిల్లలు

పట్నాల్లో గోల పనికిరాదని కంపెనీవాళ్లు కోళ్లకు గొంతు లేకుండా చేసి చాలా ఏళ్లయింది. మా కొండూళ్లోనూ ఇప్పుడు అవే. వాటి గుడ్లు పొదిగినా పిల్లలు కావు. ఏటా కంపెనీ పిల్లల్ని కొనలేక, మా అత్త పొదల్లోంచి అడవికోడి గుడ్లు తెచ్చి మా మూగకోడి కింద పెట్టింది.

పిల్లలైతే అయ్యాయి. కోడి ముక్కు తెరుస్తుంది, శబ్దం రాదు. అవి దాని వంకైనా చూడవు. నిన్న అడవిలో ఏదో పెట్ట కూతపెట్టగానే అన్నీ కంచె వైపు పరుగెత్తాయి. పాలు తాగుతున్న నా పాప జాజిని చంకనేసుకుని నేనూ పరుగెత్తాను.

"బో బో బో!"

పిల్లలు ఆగి, తిరిగొచ్చి నా కాళ్ల చుట్టూ చేరాయి. మూగకోడి దూరంగానే నిలబడింది.

అత్త నవ్వింది. "పెళ్లైన కాడ్నుంచీ నీ నోటిని తిడతానే ఉన్నాను కదే. ఇన్నాళ్లకి పనికొచ్చింది."

"మరి నేను లోపలికెళితే?"

"ఎళ్లమాకు."

ఇక వంట కూడా వాకిట్లోనే. గద్ద నీడ పడితే అరవాలి, పురుగు కనబడితే పిలవాలి. సాయంత్రానికి నా గొంతు పోయింది. జాజికి జోలపాట పాడబోతే శబ్దం రాలేదు, పెదాలు మాత్రం కదిపాను. అదీ తల తిప్పేసుకుంటుందేమోనని భయపడ్డాను. నా నోటి వంకే చూస్తూ నిద్రపోయింది.