ఉప ఎన్నిక

శవం లేవకముందే మోత్కూర్ నుంచి ఫ్లెక్సీ వచ్చింది. "మా సర్పంచ్ పరశురాములుకు కన్నీటి నివాళి" అని దాని మీద పెద్ద అక్షరాలు.

మట్టి చేసి వచ్చిన పెద్దమనుషులు పరశురాములు ఇంటి వాకిట్లోనే కూర్చున్నారు. గడప లోపల గోడకు ఆనుకుని అతని భార్య మల్లీశ్వరి వాళ్ల మాటలు వింటోంది.

"సర్పంచ్ పాయె. ఇగ మళ్లా ఎలచ్చన్లు వస్తయి. గీసారి ఎవలను నిలబెడ్దాం?" అన్నాడు అందరిలోకీ పెద్దాయన.

పంచాయతీ కార్యదర్శి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "ఎలచ్చన్లు ఎందుకొస్తయి పటేలా? సర్పంచ్ బతికే ఉన్నది గదా. లోపల కూసున్న అమ్మనే సర్పంచ్."

ఆడవాళ్ల సీటని పరశురాములు భార్య చేత నామినేషన్ వేయించిన సంగతి ఊరంతా మరిచిపోయింది. ప్రమాణం చేసిన రోజు తర్వాత ఆమె పంచాయతీ ఆఫీసు మెట్లెక్కింది లేదు. తనే సర్పంచ్ అన్న సంగతి ఆమెకూ ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది.

అందరూ తిరిగి చూశారు. మల్లీశ్వరి కొంగు సర్దుకుని మెల్లగా లేచి నిలబడింది.

"నేను..." అంది.

"గట్లయితే ఫికరే లేదు" అంటూ పెద్దాయన తేలిగ్గా నవ్వి, పరశురాములు తమ్ముడి భుజం తట్టాడు. "రేపటి సంది నువ్వు పోయి కూసోరా కుర్చీల."

మరిది లోపలికొచ్చి ఎంతో మర్యాదగా అడిగాడు.

"వదినా, అన్న నీ సంతకం ఎట్ల పెట్టేటోడు?"

మల్లీశ్వరికి తెలియదు.